షాపులో లినక్స్ నడుస్తుందా? కుర్చీ కుర్చీకీ తేల్చుకునే పద్ధతి

"విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయంట. మా సిస్టమ్‌లు విండోస్ 11కి పనికిరావంట. లినక్స్ వేస్తే షాపు నడుస్తుందా?" నన్ను అడిగేవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది ఇదే అడుగుతున్నారు. ప్రతివాళ్ళకీ ఫోన్లో అరగంట చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను.

లినక్స్ అంటే విండోస్‌కి బదులు సిస్టమ్‌లో వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. వాళ్ళు చెప్పే సంగతి నిజమే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే సిస్టమ్‌లో టీపీఎం 2.0 (భద్రతకి సంబంధించిన భాగం) ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పైది కావాలి. మన కౌంటర్ల మీద ఉన్నవి చాలావరకు 3వ, 4వ తరం అసెంబుల్డ్ సిస్టమ్‌లు. పని చేస్తూనే ఉన్నాయి, పారేయబుద్ధి కాదు.

"లినక్స్ నడుస్తుందా" అన్న ప్రశ్నకి షాపు మొత్తానికి ఒకటే జవాబు ఉండదు. కౌంటర్ కుర్చీకి ఒక జవాబు, అకౌంట్ల కుర్చీకి ఇంకోటి. నలుగురైదుగురు కూర్చునే మామూలు హోల్‌సేల్ షాపులో మూడు కుర్చీలు హాయిగా మారతాయి, ఒకటి మారదు. ఆ మారనిదాన్ని బలవంతంగా మార్చబోయినప్పుడే గొడవంతా.

కొన్ని వ్యాపారాలవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్, ఫొటోషాప్‌లో ఆల్బమ్‌లు కట్టే స్టూడియో, ఆడిటర్ ఆఫీసు ఆ కోవలోవి. ఆధార్ వేలిముద్ర పరికరాలతో పనిచేసే సేవాకేంద్రాలు కూడా అంతే, ఆ పరికరం మీ లినక్స్‌లో నడుస్తుందని అమ్మినవాడు రాసి ఇస్తే తప్ప. మీ పని అంతా విండోస్ సాఫ్ట్‌వేర్ చుట్టూనే తిరుగుతుంది. మార్చుకుని కష్టపడకండి.

మిగతావాళ్ళు రండి. హార్డ్‌వేర్, పెయింట్లు, ఆటో స్పేర్లు, బట్టలు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, ట్యూషన్ సెంటర్, చిన్న స్కూలు ఆఫీసు, ఇలాంటి చోట్లకి కింద రాసింది సరిపోతుంది.

కావాల్సినవి

8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ ఒకటి. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి.

మార్చబోయే ప్రతి సిస్టమ్‌కీ ఒక కొత్త ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్క్ కంటే వేగంగా నడిచే డిస్క్, 240 జీబీది చాలు. ఇది తప్పనిసరి కాదు గానీ నా మాట వినండి, కొనండి. లినక్స్ వేశాక "ఎంత స్పీడో" అని మెచ్చుకునేదాంట్లో సగం ఎస్‌ఎస్‌డీ పుణ్యమే. పాత హార్డ్‌డిస్క్ చెక్కుచెదరకుండా చేతిలో ఉంటుంది, దాని విలువ తర్వాత తెలుస్తుంది.

ర్యామ్ కనీసం 4 జీబీ. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచే అలవాటుంటే 8 జీబీ.

బ్యాకప్ కోసం బయటి హార్డ్‌డిస్క్. నెట్‌కి లాన్ కేబుల్, లేదా ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్.

లినక్స్‌లో రకాలు వందలున్నాయి. షాపుకి లినక్స్ మింట్ తీసుకోండి, వాదన వద్దు. కింద స్టార్ట్ బటన్, కుడిమూల గడియారం, విండోస్ అలవాటున్న చేతికి వెంటనే పట్టుబడుతుంది. 22 వరుసలోని మింట్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మామూలు సిస్టమ్‌కి సినమన్ ఎడిషన్, 4 జీబీ ర్యామ్‌తో ఈడుస్తున్నదానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్.

ఎప్పుడు మొదలుపెట్టాలి? నెలనెలా జీఎస్టీ వేసేవాళ్ళయితే 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ ఉంటాయి. కాబట్టి 20 దాటాక, 30 లోపల. మార్చి నెలలో అసలు ముట్టుకోకండి.

1. కుర్చీల లెక్క రాయండి

కాగితం మీద ఒక్కో కుర్చీ పేరు రాసి, అక్కడ కూర్చునే మనిషి వారం రోజుల్లో ఏమేం తెరుస్తాడో పక్కనే కూర్చుని చూసి రాయండి. అడిగి రాయకండి. "బిల్లులు కొడతానండి" అంటాడు గానీ, మధ్యాహ్నం బార్‌కోడ్ లేబుళ్ళు కొట్టేదీ, సాయంత్రం సీసీ కెమెరా చూసేదీ చెప్పడు.

ప్రతి పనికీ మూడిట్లో ఒక గుర్తు పెట్టండి.

బ్రౌజర్‌లో అయ్యేది: జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, బ్యాంకు, మెయిల్, వాట్సాప్ వెబ్, జోహో బుక్స్ లాంటి ఆన్‌లైన్ బిల్లింగ్. వీటికి ఏ సిస్టమైనా ఒకటే.

బదులు దొరికేది: ఎక్సెల్, వర్డ్, పీడీఎఫ్, స్కానింగ్, ఫొటో చిన్నది చేయడం.

విండోస్ తప్పనిది: టాలీ, మెడికల్ షాపుల్లో వాడే బిల్లింగ్ ప్యాకేజీలు, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్, మాక్రోలతో (షీట్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములతో) నిండిన ఎక్సెల్ షీట్లు.

మూడో గుర్తు ఒక్కటి కూడా లేని కుర్చీలే ముందు మారతాయి. మూడో గుర్తున్న పనులన్నీ ఒకే కుర్చీకి చేర్చగలరేమో చూడండి. మా బావగారి పెయింట్ల షాపులో టాలీ మూడు సిస్టమ్‌లలో ఉండేది. రెండిట్లో దాన్ని స్టాక్ చూసుకోవడానికే తెరిచేవాళ్ళు. ఆ మాట తేలేసరికి సమస్యలో సగం అక్కడే తీరింది.

2. విండోస్‌లో ఉండగానే అలవాటు చేయండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఎక్సెల్, వర్డ్‌లకి బదులు వాడే లిబ్రె ఆఫీస్, బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ రెండూ విండోస్‌లోనూ ఉచితమే. ఇప్పుడున్న విండోస్‌లోనే వేసి, రెండు వారాలు గుమాస్తాని అందులోనే పని చేయనివ్వండి. ఎక్సెల్ ఐకాన్ డెస్క్‌టాప్ మీంచి తీసేయండి, లేకపోతే చెయ్యి దానిమీదకే పోతుంది.

ఇబ్బందులన్నీ ఈ రెండు వారాల్లోనే బయటపడతాయి. ఒకేరోజు సిస్టమూ మారి, సాఫ్ట్‌వేరూ మారితే మనిషి బెదిరిపోతాడు. ప్రతిదానికీ "ఈ లినక్స్ వల్లే" అంటాడు, ప్రింటర్‌లో కాగితం అయిపోయినా సరే.

పెద్దవాళ్ళకీ ఇదే తిప్పలు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్ అనుకుని 2013 దాకా మార్చుకుంటూ వచ్చింది, 2017లో మళ్ళీ విండోస్ వైపు తిరగాలని తీర్మానించింది. అదే కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ షాపు నాలుగు సిస్టమ్‌లదే. అయినా తొందరపడితే మ్యూనిక్ కథే.

3. బ్యాకప్, అందులోనూ టాలీది

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక షాపులో డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు కాపీ చేసుకుని ధీమాగా ఫార్మాట్ కొట్టాను. టాలీ డేటా వాటిల్లో ఉండదు. టాలీ ప్రైమ్‌లో మామూలుగా అది 'పబ్లిక్' యూజర్ కింద ఉన్న ఫోల్డర్‌లో కూర్చుంటుంది. పాత ఈఆర్‌పీ 9 అయితే సి డ్రైవ్‌లో దాని సొంత ఫోల్డర్‌లోనే. చివరికి ఆడిటర్ గారి దగ్గర రెండు నెలల పాత బ్యాకప్ దొరికింది. మిగతా బిల్లులు నేనూ, షాపు అబ్బాయీ కూర్చుని మూడు రాత్రులు ఎక్కించాం.

అందుకని ఇలా చేయండి. టాలీలోని బ్యాకప్ ఆప్షన్‌తో బ్యాకప్ తీయండి. డేటా ఫోల్డర్‌ని విడిగా కూడా కాపీ చేయండి. ఆ బ్యాకప్‌ని ఇంకో విండోస్ సిస్టమ్‌లో తెరిచి, నిన్నటి చివరి బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ లెక్కలోకి రాదు.

హెచ్చరిక: టాలీ ఉన్న సిస్టమ్‌ని మార్చేట్టయితే ముందు టాలీలోంచే లైసెన్స్ సరెండర్ చేసి, తర్వాత మిగిలే విండోస్ సిస్టమ్‌లో యాక్టివేట్ చేయండి. సరెండర్ చేయకుండా ఫార్మాట్ కొడితే సపోర్ట్ వాళ్ళ చుట్టూ తిరగాలి.

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు కూడా ఎగుమతి చేసుకోండి. జీఎస్టీ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, బ్రౌజర్‌కే గుర్తుంటుంది.

4. పెన్‌డ్రైవ్‌తో రుచి చూడండి

మింట్ సొంత సైట్‌లోంచి ఐఎస్‌ఓ ఫైలు (మింట్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) దించుకోండి, సుమారు 3 జీబీ ఉంటుంది. దాన్ని రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ మీదికి రాయాలి. ఫైలుని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ కాదు. ఇది చాలామంది చేసే పొరపాటు.

సిస్టమ్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అసెంబుల్డ్ అయితే మదర్‌బోర్డుని బట్టి ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12లలో ఏదో ఒకటి. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఏదీ ఎక్కించకుండానే మింట్ తెరపైకి వస్తుంది. డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా మారదు.

అలా ఉండగానే ఇవి చూడండి: వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ కనిపించిందా, స్కానర్ స్కాన్ చేస్తోందా, బార్‌కోడ్ గన్ కొడితే టెక్స్ట్ ఎడిటర్‌లో నంబరు పడుతోందా. యూఎస్‌బీ బార్‌కోడ్ గన్‌లు సిస్టమ్‌కి కీబోర్డులా కనిపిస్తాయి కాబట్టి దాదాపు అన్నీ పనిచేస్తాయి. చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్స్ మాత్రం కొన్ని మొరాయిస్తాయి. అప్పుడు లాన్ కేబుల్ పెట్టండి, కౌంటర్‌కి అదే మంచిది కూడా.

పెన్‌డ్రైవ్ మీంచి నెమ్మదిగానే నడుస్తుంది. దాన్ని చూసి వేగం అంచనా వేయకండి.

5. ఎక్కించడం

సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, పాత హార్డ్‌డిస్క్ వైర్లు ఊడదీసి బయటికి తీయండి. దానిమీద తేదీ, కుర్చీ పేరు రాసిన స్టిక్కర్ అంటించి బీరువాలో పెట్టండి. కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, మళ్ళీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి.

భాష ఇంగ్లిష్ ఉంచండి. కీబోర్డ్ దగ్గర 'ఇంగ్లిష్ (ఇండియా, రూపాయి గుర్తుతో)' ఎంచుకోండి. అప్పుడు కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే ₹ పడుతుంది. టైమ్ జోన్ కోల్‌కతా. మల్టీమీడియా కోడెక్‌ల బాక్సులో టిక్ పెట్టండి. 'ఎరేజ్ డిస్క్' అన్న చోట లోపల ఉన్నది కొత్త డిస్క్ ఒక్కటే కాబట్టి భయం లేదు. పాత డిస్క్ మీదే వేస్తున్నవాళ్ళు మాత్రం డిస్క్ సైజు రెండుసార్లు చదివి నొక్కండి.

"విండోస్ కూడా పక్కన ఉంచితే?" అంటారు. కౌంటర్ సిస్టమ్‌కి వద్దు. రెండూ ఉంటే మొదటి చిక్కుకే మనిషి విండోస్‌లోకి పోయి అక్కడే ఉండిపోతాడు. పైగా కొన్నిసార్లు విండోస్ గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది, బిల్లుల మీద టైమ్ తప్పు పడుతుంది. తప్పదనుకుంటే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

6. ప్రింటర్: గెలిచేదీ ఓడేదీ ఇక్కడే

లినక్స్ నచ్చలేదని వెనక్కి పోయిన షాపుల్లో నేను చూసినవాటికి చాలావరకు ప్రింటరే కారణం. అందుకే దీనికి ఒక పూట కేటాయించండి.

నెట్‌వర్క్ ప్రింటర్, దాని పెట్టెమీద ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉంటే డ్రైవర్ అక్కర్లేదు, మింట్ దానంతట అదే పట్టుకుంటుంది. ఇకమీదట ప్రింటర్ కొనేటప్పుడు ఈ ఒక్క మాట చూసి కొనండి.

ఎప్సన్ ఇంక్ ట్యాంక్ రకాలకి డ్రైవర్ ఉచితంగానే దొరుకుతుంది. హెచ్‌పీ వాటికి హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే లేజర్‌జెట్ 1020 లాంటి పాతవాటికి అదనంగా ఒక ప్లగిన్ దించుకోమని అడుగుతుంది. దాన్ని 'క్యాన్సిల్' కొట్టేసి "ప్రింటర్ పనిచేయట్లేదు" అనేవాళ్ళు ఎంతమందో.

మన చిన్న ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900ది వేరే కథ. అది క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. లినక్స్‌లో దాన్ని నడిపించినవాళ్ళున్నారు గానీ షాపు పనికి ఆ కుస్తీ వద్దు. మిగిలిన విండోస్ సిస్టమ్‌కే దాన్ని తగిలించండి. విండోస్‌లో షేర్ చేస్తే లినక్స్‌లోంచి కొట్టొచ్చనుకోకండి, షేర్ చేసినా లినక్స్ వైపు డ్రైవర్ కావాల్సిందే. పీడీఎఫ్‌గా షేర్డ్ ఫోల్డర్‌లో వేసి అక్కడినుంచి ప్రింట్ తీయడం తేలిక.

డాట్ మ్యాట్రిక్స్ వాళ్ళకి శుభవార్త. టీవీఎస్ ఎంఎస్‌పీ 250 లాంటివి ఎప్సన్ భాష అర్థం చేసుకుంటాయి. డ్రైవర్ ఎంచుకునే చోట 'జనరిక్' కింద లేదా ఎప్సన్ కింద 9 పిన్ డ్రైవర్ పెట్టండి. అసలు చిక్కు కాగితం పొడవు. మింట్ ఏ4 అనుకుంటుంది, అది 297 మిల్లీమీటర్లు. మీ కంటిన్యువస్ పేపర్ 12 అంగుళాలదైతే అది సుమారు 305. బిల్లుకి 8 మిల్లీమీటర్ల చొప్పున జారుతూ పదో బిల్లుకి మూడంగుళాలు తప్పుతుంది. మొదటి బిల్లు చూసి "బాగుంది" అనేసి ఇంటికొచ్చారా, సాయంత్రానికి ఫోన్ వస్తుంది. ప్రింటర్ సెట్టింగుల్లో కాగితం సైజుని కస్టమ్‌గా కొలిచి ఇచ్చి, వరసగా పది బిల్లులు కొట్టి, పదోది సరిగ్గా చిల్లుల గీత దగ్గర మొదలైందో లేదో చూడండి.

డాట్ మ్యాట్రిక్స్ ముందుకంటే నెమ్మదిగా కొడుతోందంటే అక్షరాల్ని బొమ్మలా పంపుతోందని అర్థం. డ్రైవర్‌లో నాణ్యత తగ్గించండి.

థర్మల్ బిల్లు ప్రింటర్లు, బార్‌కోడ్ లేబుల్ ప్రింటర్ల సంగతి కంపెనీని బట్టి ఉంటుంది. కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే ఆ పని విండోస్ కుర్చీకి.

7. తెలుగు

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్ వచ్చినవాళ్ళకి పనే లేదు. కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్స్‌కి వెళ్ళి తెలుగు చేర్చుకుంటే చాలు.

యాపిల్ లేఅవుట్ చేతికి పట్టినవాళ్ళు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళు ఇలా చేయండి. మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'ఐబస్' అనీ, దానితోపాటు 'ఎం17ఎన్' అనీ ఉన్న ప్యాకేజీ వెతికి ఎక్కించండి. తర్వాత మెనూలో 'ఇన్‌పుట్ మెథడ్' తెరిచి ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి లోపలికి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద యాపిల్, పోతన, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ అన్నీ వరసగా కనిపిస్తాయి. మీదేదో అది చేర్చుకోండి. విండోస్ కీతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. లాగవుట్ కాకుండా "రావట్లేదు" అంటే నేనేం చేయలేను.

అను ఫాంట్లలో ఉన్న పాత లెటర్లు తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. పాతవాటిని విండోస్ సిస్టమ్‌లో పీడీఎఫ్ చేసి దాచుకోండి. తరచూ వాడే రెండు మూడు లెటర్లు, ఉదాహరణకి బాకీ నోటీసు, యూనికోడ్‌లో కొత్తగా కొట్టించండి. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ ఒత్తులు తప్పుగా పడతాయి, దిద్దే టైములో కొత్తది కొట్టొచ్చు.

పరీక్ష: "శ్రీ లక్ష్మీ సాంస్కృతిక స్వాతంత్ర్యం" అని కొట్టి, పీడీఎఫ్ చేసి, వాట్సాప్‌లో ఇంకో ఫోన్‌కి పంపండి. ఒత్తులు విడిపోకుండా కనిపిస్తే బిల్లు మీద షాపు పేరు తెలుగులో వేసుకోవచ్చు.

8. ఎక్సెల్ ఫైళ్ళు

లిబ్రె ఆఫీస్‌లో మూడు సెట్టింగులు మొదటిరోజే మార్చండి.

టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, జనరల్. స్ప్రెడ్‌షీట్‌ని ఎప్పుడూ ఎక్సెల్ రకంలోనే సేవ్ చేయమని పెట్టండి. లేకపోతే లిబ్రె ఆఫీస్ సొంత రకమైన ఓడీఎస్ ఫైలు పార్టీకి వెళ్తుంది, ఆయన ఫోన్లో తెరుచుకోదు, మీకు ఫోన్ వస్తుంది.

భాషల సెట్టింగుల్లో లొకేల్ (తేదీలు, అంకెలు ఏ దేశం పద్ధతిలో రాయాలో చెప్పేది) 'ఇంగ్లిష్ (ఇండియా)' పెట్టండి. అమెరికా లొకేల్ ఉండిపోతే 03/04 అని కొట్టిన ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. చూడ్డానికి తేడా తెలియదు, వసూళ్ళ లిస్టులో తెలుస్తుంది.

లక్షల కామాలు రావట్లేదని అందరూ అడుగుతారు. సెల్ ఫార్మాట్ కోడ్‌లో #,##,##0.00 అని ఇస్తే 12,34,567.00 అని మన పద్ధతిలో వస్తుంది.

కాలిబ్రి, కాంబ్రియా ఫాంట్లు మైక్రోసాఫ్ట్‌వి. వాటికి బదులు కార్లిటో, కాలడియా ఫాంట్లున్నాయి, అక్షరాల వెడల్పు అంతే కాబట్టి లైన్లు విరిగిపోవు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి వేసుకోండి. కొటేషన్లు బయటికి పంపేటప్పుడు ఎలాగూ పీడీఎఫ్‌గానే పంపండి.

మాక్రోలున్న షీట్లు కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. ముందే తెరిచి, ప్రతి బటనూ నొక్కి చూడండి. నడవకపోతే మూడో గుర్తే.

9. టాలీ, డిజిటల్ సంతకం

టాలీ ప్రైమ్ విండోస్ కోసం చేసిందే. వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో లినక్స్‌లో నడిపించిన వీడియోలు చూసి నాకు పంపుతుంటారు. తెరుచుకోవడం వేరు, ఏడాది పొడుగునా లెక్కలు దాని చేతిలో పెట్టడం వేరు. పెట్టకండి.

ఒక మంచి విండోస్ 11 సిస్టమ్ ఉంచుకోండి, లైసెన్స్‌తో. టాలీ, సంతకం టోకెన్, మొరాయించే ప్రింటర్ అన్నీ దానికే. మిగతా కుర్చీల నుంచి అప్పుడప్పుడు టాలీ చూడాలంటే మింట్‌లోని రెమ్మినాతో రిమోట్‌గా ఆ సిస్టమ్‌లోకి వెళ్ళొచ్చు. కానీ అందుకు విండోస్ 'ప్రో' ఉండాలి, హోమ్ ఎడిషన్ రానివ్వదు. మీరు లోపలికి వెళ్తే అక్కడ కూర్చున్న మనిషి స్క్రీన్ లాక్ అయిపోతుంది. ఒకరి తర్వాత ఒకరు వాడుకునేట్టయితేనే ఇది కుదురుతుంది.

విండోస్, లినక్స్ సిస్టమ్‌ల మధ్య ఫైళ్ళకి షేర్డ్ ఫోల్డర్ పెట్టేటప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ లేని షేరింగ్‌ని కొత్త విండోస్ 11 ఒప్పుకోదు. చాలామంది దీన్ని లినక్స్ తప్పనుకుని రోజంతా వెతుకుతారు.

టాలీ వదిలి బ్రౌజర్‌లో నడిచే లెక్కలకి పోదామనుకుంటే ఏప్రిల్ 1న మొదలుపెట్టండి, ఏడాది మధ్యలో కాదు. జీనూక్యాష్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సొంత ఖర్చుల లెక్కకి బాగుంటుంది. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే మాత్రం 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి దిద్దుబాటూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. ఏది వాడేదీ ఆడిటర్ గారిని అడిగాకే.

జీఎస్టీ రిటర్న్‌కి సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్ళకి ఓటీపీ సరిపోతుంది కాబట్టి లినక్స్ కుర్చీ నుంచే వేయొచ్చు. కంపెనీలకి, ఎల్‌ఎల్‌పీలకి సంతకం టోకెన్ తప్పనిసరి. టోకెన్‌లకి లినక్స్ డ్రైవర్లు కొన్ని ఉన్నా, 20వ తేదీ సాయంత్రం వాటితో ప్రయోగాలు చేయకండి.

తరచూ జరిగే తప్పులు

టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి బ్యాకప్ అయిపోయిందనుకోవడం. మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ని వెనక్కి తిప్పడానికి, మీ బిల్లులు, ఫైళ్ళు మామూలుగా అందులో ఉండవు. వాటికి విడిగా 'బ్యాకప్ టూల్' వాడి బయటి డిస్క్‌కి తీయండి.

గూగుల్‌లో దొరికిన సెటప్ ఫైళ్ళు దించుకుని డబుల్ క్లిక్ చేయడం. ఏదైనా ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి. క్రోమ్, ఎనీడెస్క్ లాంటివి వాటి సొంత సైట్ల నుంచి, ఉబుంటు/డెబియన్ రకం ఫైలు.

అందరికీ ఒకటే యూజర్, ఒకటే పాస్‌వర్డ్ పెట్టడం. కౌంటర్ అబ్బాయికి 'స్టాండర్డ్' యూజర్ ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి.

వైరస్ రాదు కదా అని ఏ పెన్‌డ్రైవ్ పడితే అది పెట్టడం. షార్ట్‌కట్ వైరస్ లినక్స్‌ని ఏం చేయకపోవచ్చు, కానీ అదే పెన్‌డ్రైవ్ తర్వాత మీ టాలీ సిస్టమ్‌లోకి పోతుంది. ఇక ఓటీపీ అడిగేవాడికి మీది విండోసా లినక్సా అనవసరం.

సీసీ కెమెరాలు బ్రౌజర్‌లో రావట్లేదని కంగారుపడటం. కెమెరాలని రికార్డ్ చేసే చాలా డీవీఆర్‌లు పాత విండోస్ ప్లగిన్ అడుగుతాయి. ఫోన్ యాప్‌లో చూసుకోండి, లేదా డీవీఆర్‌కే ఒక పాత మానిటర్ తగిలించండి.

అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒక్క కుర్చీ మార్చి, నెల ఆగండి. ఆ నెలలో ఒక నోటుపుస్తకం కీబోర్డ్ పక్కన పెట్టి, ఆగిపోయిన ప్రతిసారీ తేదీ, పని రాయమనండి. మొదటి వారం పేజీ నిండుతుంది, అది మామూలే. మూడో వారానికి రోజుకి ఒకటి కూడా పడకపోతే బండి దారిలో పడ్డట్టే. అదే మాట మూడోవారం కూడా పదేపదే కనిపిస్తే, మొదటి మెట్టులో ఆ పనికి గుర్తు తప్పు పెట్టారన్నమాట.

11వ తేదీ వచ్చినప్పుడు జీఎస్‌టీఆర్-1కి కావాల్సిన లెక్క ఆ కుర్చీ నుంచి ఆడిటర్ గారికి వెళ్ళి, ఆయన సిస్టమ్‌లో మార్పు లేకుండా తెరుచుకుందా? 20వ తేదీ గడిచిందా? కరెంటు పోయి వచ్చాక ఎవరి సాయం లేకుండా సిస్టమ్ లేచి, ప్రింటర్ దానంతట అదే పలికిందా? మీరు ఊళ్ళో లేని రోజున షాపు తెరిచి బిల్లు కొట్టారా? ఈ నాలుగూ అయ్యాకే రెండో కుర్చీ.

బీరువాలో పెట్టిన పాత డిస్క్‌ని ఆ నెలాఖరుకి చెరిపేయకండి. ఏదైనా తేడా వస్తే వైర్లు మార్చుకుంటే పది నిమిషాల్లో పాత విండోస్ పాత చోటే ఉంటుంది. ఆ ఏడాది ఆడిట్ అయి, ఆడిటర్ గారు సంతకం పెట్టిన మర్నాడు దాన్ని బయటికి తీసి ఫార్మాట్ కొట్టి, బ్యాకప్ డిస్క్‌గా వాడుకోండి.